ద్రాక్షారామం, ద్రాక్షాపాకం, ఆస్ట్రేలియా రెడ్ వైన్: రుచినిర్ణయ చరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం పేరులో ద్రాక్ష ఉంది, పొలాలలో లేదు. తెలుగు నేలకు ద్రాక్ష పంటగా కంటె ముందు సాహిత్య విమర్శలో ఒక కొలమానంగా పరిచయమైంది. ఆ కొలమానం పేరు ద్రాక్షాపాకం. రాజశేఖరుని కావ్యమీమాంస పాకాన్ని మొదటి రుచి, చివరి రుచి అనే కాలక్రమంలో నిర్వచించింది. ఓరుగల్లులో వెలువడిన ప్రతాపరుద్రీయం నాటికి అది వెలుపలి రసం, లోపలి రసం అనే స్థలభేదంగా మారింది. ఆస్ట్రేలియాలో రెడ్ వైన్‌ను రుచిచూసి తీర్పు చెప్పే పద్ధతి, ముఖ్యంగా పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్ ఎదుర్కొన్న తిరస్కారం, మొదటి రుచికీ చివరి రుచికీ నడుమ ఉన్న ఈ భేదానికి ఆధునిక ఉదాహరణగా నిలుస్తాయి. ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి, తెలుగులో పానీయ రుచిని గురించిన మాట ఎందుకు మూగవోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ద్రాక్షారామం, పాకం, కావ్యమీమాంస, ప్రతాపరుద్రీయం, ఆస్ట్రేలియా వైన్, గ్రేంజ్, ఆబ్కారీ, మద్యనిషేధం.

1. ఉపోద్ఘాతం

ఒక పానీయాన్ని రుచిచూడడం వ్యక్తిగతమైన అనుభవం. దానిపై తీర్పు చెప్పడం సామాజికమైన పని. మొదటిదానికి నాలుక చాలు. రెండవదానికి పదజాలం, పద్ధతి, తీర్పును వినే సమాజం కావాలి. ఆస్ట్రేలియా వైన్‌కు ఈ మూడూ గత నూట యాభై ఏళ్లలో వ్యవసాయ ప్రదర్శనలలో, పరిశోధన సంస్థలలో, పత్రికలలో క్రమంగా సమకూరాయి. తెలుగునాట కల్లుకు, సారాకు, దిగుమతి వైన్‌కు ఇటువంటి రుచినిర్ణయ సంప్రదాయం ఏర్పడలేదు. అయితే తెలుగువారికి రుచిపై తీర్పు చెప్పే శాస్త్రమే లేదనడం సరికాదు. ఆ శాస్త్రం పానశాలలో కాక అలంకారశాస్త్రంలో పెరిగింది. అందులో ప్రధానమైన ఉపమానాలలో ఒకటి ద్రాక్ష.

ద్రాక్షారామం ఈ చర్చకు తగిన ఆరంభస్థానం. ఊరి పేరు, కావ్యపాకం, దూరదేశపు సీసా అనే మూడింటిలోనూ ద్రాక్ష కనిపిస్తుంది. మూడుచోట్లా పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధాన్ని విడివిడిగా తేల్చుకోవలసి ఉంటుంది.

2. పేరులోని ద్రాక్ష

రామచంద్రపురానికి సమీపంలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయం పంచారామాలలో ఒకటి. ఆలయ నిర్మాణాన్ని సంప్రదాయం తూర్పు చాళుక్య రాజైన చాళుక్య భీమునికి ఆపాదిస్తుంది. ఆలయ స్తంభాలపైన, గోడలపైన వందల శాసనాలున్నాయి. చాళుక్య, చోళ, గాంగ రాజులతోబాటు అధికారులు, వర్తకులు, స్త్రీలు ఇచ్చిన దానాలను అవి నమోదు చేశాయి. అఖండదీపాలకు చేసిన దానాలు వాటిలో విరివిగా కనిపిస్తాయి. కోనసీమ చరిత్రకే గాక ఆంధ్రదేశ ఆర్థిక చరిత్రకు కూడ ఈ శాసనాలు ప్రధానమైన ఆధారాలు.

స్థలపురాణం ఈ ఊరిని దక్షుని యజ్ఞవాటికతో ముడిపెడుతుంది. ఆ కథను అనుసరించిన రూపాలు దక్షారామం, దాక్షారామం, దక్షవాటి. 15వ శతాబ్దంలో రాజమహేంద్రవర రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయకు శ్రీనాథుడు అంకితమిచ్చిన భీమేశ్వర పురాణంలోని క్షేత్రం కూడ ఇదే. కాశిలో భిక్ష దొరకక కోపించిన వ్యాసుడు ఆ నగరాన్ని విడిచి వచ్చి చేరిన చోటుగా ఆ కావ్యం దీనిని వర్ణిస్తుంది. ఆ కథకు దక్షుడితో, భీమేశ్వరుడితో సంబంధముంది. ద్రాక్షతోటతో లేదు. 'ఆరామ' శబ్దంలో బౌద్ధ విహారాల జాడ ఉందని భావించిన చరిత్రకారులు కూడ ఉన్నారు. ఆ వాదంలోనూ ద్రాక్షకు చోటు లేదు.

'దాక్ష' శబ్దం 'ద్రాక్ష'గా మారడం లోకవ్యుత్పత్తికి మంచి ఉదాహరణ. సంస్కృత పదాలలోని రేఫ వాడుకలో జారిపోవడం తెలుగులో సాధారణం. అందువల్ల రేఫ లేని రూపాన్ని అశుద్ధమని భావించి, లేనిచోట కూడ రేఫను చేర్చి సరిదిద్దే ధోరణి పుడుతుంది. తెలిసిన, తీయని అర్థమున్న పదం పక్కనే ఉన్నప్పుడు ఆ దిద్దుబాటు మరింత సులభమవుతుంది. అలా దక్షుని తోట ద్రాక్షతోట అయింది.

నేల, వాతావరణం ఈ వ్యుత్పత్తిని బలపరచవు. ద్రాక్షతీగకు నీరు నిలవని నేల, పండు ముదిరే వేళ పొడి వాతావరణం, విశ్రాంతికి శీతకాలం కావాలి. గోదావరి తూర్పు డెల్టాలో ఒండ్రునేల, గాలిలో తేమ, నైరుతి ఋతుపవనం, దాని వెనుకనే తుపానుల కాలం ఉంటాయి. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాత కాలువల నీరు ఈ ప్రాంతాన్ని వరిసీమగా స్థిరపరచింది. తెలుగునాట ద్రాక్ష వాణిజ్యపంటగా పేరు తెచ్చుకున్నది డెల్టాలో కాదు, హైదరాబాదు పరిసరాల మెట్టనేలలలో. 19వ శతాబ్దం చివర అక్కడ పరిచయమైన అనాబ్-ఎ-షాహి దానికి ప్రసిద్ధి తెచ్చింది. అదైనా తినే పండే గాని వైన్‌కు ఉద్దేశించిన రకం కాదు.

కాబట్టి పేరును ఆధారం చేసుకొని ద్రాక్షారామంలో ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవని ఊహించడం చరిత్ర కాదు. ఈ ప్రాంతానికి ద్రాక్షతో ఉన్న అసలు సంబంధాన్ని మరోచోట వెదకాలి.

3. ఊరి పేరుతో మద్యం

ఊరి పేరుకూ ద్రాక్షమద్యానికీ ఉన్న సంబంధం భారతీయ గ్రంథాలకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అనే ఆరు పానీయాలను పేర్కొంటుంది. వీటిలో మధువు ద్రాక్షరసం నుంచి వచ్చేది. అది పుట్టిన దేశాన్ని బట్టి దానికి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లున్నాయని ఆ గ్రంథం చెబుతుంది. కాబూలుకు ఉత్తరాన ఉన్న కాపిశి ప్రాంతపు మద్యం కాపిశాయనం. పుట్టిన నేలే మద్యానికి పేరు, పేరే దాని గుణానికి హామీ అన్న భావన ఇక్కడ స్పష్టంగా ఉంది.

ఆస్ట్రేలియా వైన్ చరిత్ర ఇదే సమస్యను వేరొక దిశ నుంచి ఎదుర్కొంది. ఆ ఖండంలో స్థానికమైన వైన్ ద్రాక్ష లేదు. జేమ్స్ బస్బీ 1831లో స్పెయిన్, ఫ్రాన్సు దేశాలలో తిరిగి సేకరించిన తీగల కత్తిరింపులు సిడ్నీకి చేరాయి. తీగలతో పాటు పేర్లు కూడ ఐరోపా నుంచే వచ్చాయి. ఆస్ట్రేలియాలో చేసిన వైన్‌లను దాదాపు 20వ శతాబ్దం చివరి వరకు క్లారెట్, బర్గండీ వంటి పేర్లతో అమ్మారు. షిరాజ్ రకానికి కొన్ని ప్రాంతాలలో హెర్మిటేజ్ అన్న పేరు వాడుకలో ఉండేది. అది ఫ్రాన్సులో రోన్ నది ఒడ్డున ఉన్న ఒక కొండ పేరు. ఐరోపా సమాజంతో 1994లో కుదిరిన ఒప్పందం ద్వారా ఆస్ట్రేలియా ఈ అరువు పేర్లను వదులుకోవడానికి అంగీకరించింది. గ్రేంజ్ హెర్మిటేజ్ అన్న ప్రసిద్ధమైన సీసాపై 1990 పంట నుంచి గ్రేంజ్ అన్న పేరు మాత్రమే మిగిలింది.

ద్రాక్షారామం విషయంలో ఊరి పేరు తనది కాని పండును చేర్చుకుంది. ఆస్ట్రేలియాలో వైన్ తనది కాని ఊరిని చేర్చుకుంది. నేటి తెలుగు పట్టణాలలో 'వైన్స్' అన్న బోర్డు కింద ప్రధానంగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, బీరు. ఈ మూడు సందర్భాలలోనూ పేరు నాలుకకంటె ముందు మాట్లాడుతుంది. పేరును పక్కకు నెట్టి రుచిని విచారించే పద్ధతి ఏది అన్నదే అసలు ప్రశ్న.

4. రాజశేఖరుని తొమ్మిది పాకాలు

పాకమంటే పండడం, పక్వం కావడం. కావ్యరచన పరిణతిని పండు పరిణతితో పోల్చే సంప్రదాయం వామనుని నాటికే ఉంది. దానికి సమగ్రమైన పట్టికను ఇచ్చినవాడు కావ్యమీమాంసకర్త రాజశేఖరుడు. కనౌజు ఆస్థానానికి చెందిన ఈ కవి, ద్రాక్షారామ ఆలయంతో ముడిపడిన చాళుక్య భీముడు దాదాపు ఒకే కాలంవారు. వారి మధ్య సంబంధమేదీ ఉందని కాదు. పేరులో ద్రాక్ష చేరిన ఊరు, విమర్శలో ద్రాక్ష చేరిన శాస్త్రం ఒకే యుగపు ఛాయలో ఉన్నాయని గుర్తించడానికి ఈ సమకాలికత పనికివస్తుంది.

రాజశేఖరుడు చెప్పిన పాకాలు తొమ్మిది: పిచుమంద (వేప), బదర (రేగు), మృద్వీకా (ద్రాక్ష), వార్తాక (వంకాయ), తింతిడీక (చింత), సహకార (మామిడి), క్రముక (పోక), త్రపుస (దోస), నారికేళ (కొబ్బరి). ఈ జాబితా మొదటి చూపుకు యాదృచ్ఛికంగా కనిపించవచ్చు. దాని నిర్మాణం గణితబద్ధమైనది. ప్రతి పాకానికీ ఆదిలో ఒక రుచి, అంతంలో ఒక రుచి ఉంటాయి. ఒక్కొక్కటీ రుచిలేనిదో, మధ్యమమో, రుచికరమో కావచ్చు. మూడు ఆదులు, మూడు అంతాలు కలిస్తే తొమ్మిది స్థానాలేర్పడతాయి. వేప ఆద్యంతాలు రెండింటా రుచిలేనిది. రేగు ఆదిలో రుచిలేనిది, అంతంలో మధ్యమం. ద్రాక్ష ఆదిలో రుచిలేనిది, అంతంలో రుచికరం. వంకాయ మధ్యమంగా మొదలై రుచిలేకుండా ముగుస్తుంది. చింత రెండింటా మధ్యమం. మామిడి మధ్యమంగా మొదలై రుచికరంగా ముగుస్తుంది. పోక రుచికరంగా మొదలై రుచిలేకుండా పోతుంది. దోస రుచికరంగా మొదలై మధ్యమంగా ముగుస్తుంది. కొబ్బరి ఆద్యంతాలలో రుచికరం.

ఈ పట్టికపై రాజశేఖరుడిచ్చే తీర్పు మరింత గమనింపదగినది. వేప, వంకాయ, పోక పాకాలు విడువదగినవి. రేగు, చింత, దోస పాకాలు సంస్కరింపదగినవి. ద్రాక్ష, మామిడి, కొబ్బరి పాకాలు గ్రహింపదగినవి. మూడు వర్గాలనూ పోల్చి చూస్తే ఒక సూత్రం బయటపడుతుంది. తీర్పును నిర్ణయించేది అంతమే, ఆది కాదు. అంతంలో రుచి లేకపోతే ఆది ఎంత బాగున్నా త్యాజ్యమే. పోక దీనికి సాక్షి. అంతంలో రుచి ఉంటే ఆది రుచిలేకున్నా గ్రాహ్యమే. ద్రాక్ష దీనికి సాక్షి. నిలకడలేని రచనకు ఆయన కపిత్థపాకమని, అంటే వెలగపండు పాకమని వేరే పేరు పెట్టాడు.

ఈ చర్చలో రాజశేఖరుడు తన భార్య అవంతిసుందరి అభిప్రాయాన్ని కూడ నమోదు చేశాడు. ఒక పదాన్ని తీసి మరొకటి పెట్టడానికి వీలులేని స్థితే పాకమన్న వామనీయుల మతాన్ని ఆమె అంగీకరించలేదు. మహాకవులు ఒకే విషయాన్ని పలురీతుల చెప్పగలరు కాబట్టి అటువంటి బిగువు అశక్తి మాత్రమేనని, రసానికి తగిన కూర్పే పాకమని ఆమె వాదం. రుచినిర్ణయం మార్పులేని సూత్రం కాదని, తీర్పుపై తీర్పు కూడ సాధ్యమని ఈ భిన్నస్వరం సూచిస్తుంది.

5. ఓరుగల్లులో మారిన ద్రాక్ష

నాలుగు శతాబ్దాల తరువాత పాకచర్చ తెలుగు నేలపై ముఖ్యమైన రూపం పొందింది. కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణం పాకాలను ప్రధానంగా ద్రాక్షాపాకం, నారికేళపాకం అనే రెండింటికి కుదించింది. మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి దీనికి రత్నాపణమనే వ్యాఖ్య రచించాడు. విద్యానాథుని ప్రకారం వెలుపలా లోపలా రసం స్ఫురించేది ద్రాక్షాపాకం. రసం లోపల గూఢంగా ఉండేది నారికేళపాకం. తరువాతి తెలుగు విమర్శ ఈ రెండింటి నడుమ కదళీపాకాన్ని నిలిపింది. నోట వేసుకుంటే చాలునన్నది ద్రాక్ష, తొక్క ఒలవవలసినది అరటి, పెంకు పగులగొట్టవలసినది కొబ్బరి. పోతన పద్యాన్ని ద్రాక్షాపాకమనడం, విశ్వనాథ సత్యనారాయణ రచనను నారికేళపాకమనడం విమర్శలో పరిపాటి అయింది.

ఇక్కడ జరిగిన మార్పును విమర్శచరిత్ర తగినంతగా పట్టించుకోలేదు. రాజశేఖరుని ద్రాక్ష మొదట ఇష్టపడనిది, చివరకు మెప్పించేది. విద్యానాథుని ద్రాక్ష మొదటినుంచీ మెప్పించేది. రాజశేఖరుని కొబ్బరి ఆద్యంతాలు రెండింటా రుచికరం. విద్యానాథుని కొబ్బరి శ్రమ తరువాత రుచికరం. పండ్ల పేర్లు నిలిచాయి, వాటి స్థానాలు మారాయి. అంతకంటె ముఖ్యంగా కొలమానపు అక్షమే మారింది. మొదటిదానిలో అక్షం కాలం: ముందు, తరువాత. రెండవదానిలో అక్షం స్థలం: వెలుపల, లోపల. తెలుగు వాడుకలో ఇది పాఠకుని శ్రమకు కొలతగా స్థిరపడింది. ఈ కుదింపు వల్ల విమర్శకు సౌలభ్యం కలిగింది. నష్టమూ కలిగింది. మొదటి పరిచయంలో కరుకుగా ఉండి చివరకు మిగిలే రచనను పేర్కొనడానికి ఉన్న ప్రత్యేకమైన గడి ఖాళీ అయింది.

6. ఆస్ట్రేలియా ప్రదర్శనలు, గ్రేంజ్ తీర్పు

ఆస్ట్రేలియాలో రుచినిర్ణయం వ్యవసాయ సంఘాల ప్రదర్శనలలో రూపుదిద్దుకుంది. పశువులను, ధాన్యాన్ని పోల్చి బహుమతులిచ్చిన వేదికలే వైన్‌ను కూడ పోల్చాయి. సీసా కనిపించకుండా, ఉత్పత్తిదారుని పేరు తెలియకుండా, సంఖ్యలు వేసిన గ్లాసులలో వైన్‌ను న్యాయనిర్ణేతల ముందు పెడతారు. సంప్రదాయమైన మార్కులు ఇరవై. వాటిలో రంగుకు 3, వాసనకు 7, నోటి రుచికి 10. 18.5 పైన స్వర్ణం, 17 నుంచి రజతం, 15.5 నుంచి కాంస్యం. పేరును పక్కకు నెట్టి రుచిని విచారించే పద్ధతి ఏది అన్న ప్రశ్నకు ఇది ఆ దేశమిచ్చిన సమాధానం.

రెడ్ వైన్‌ను రుచిచూడడంలో కాలం అనివార్యం. నల్లద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ నాలుకను బిగబట్టే వగరునిస్తుంది. ఆయుర్వేదం షడ్రసాలలో లెక్కించిన కషాయరసం ఇదే. పిందె అరటి, పోకచెక్క, లేత నేరేడు తిన్నవారికి దాన్ని వివరించనవసరం లేదు. కొత్త రెడ్ వైన్‌లో వగరు, పులుపు, పీపాచెక్క వాసన విడివిడిగా నిలబడతాయి. ఏళ్ల తరబడి సీసాలో ఉంటే అవి సర్దుకుంటాయి. గుటక మింగిన తరువాత రుచి ఎంతసేపు నిలుస్తుందన్నది కూడ వైన్ సమీక్షలో ప్రధానమైన అంశం. అంటే ఆది, అంతం అనే భేదం ఇక్కడ రెండు స్థాయులలో పనిచేస్తుంది: ఒక గుటకలోని క్షణాలలో, ఒక సీసా ఆయుష్షులోని సంవత్సరాలలో.

ఈ రెండవ స్థాయిని విస్మరిస్తే ఏమవుతుందో గ్రేంజ్ చరిత్ర చెబుతుంది. అడిలైడ్ పొలిమేరల్లోని మగిల్‌లో క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ 1844లో స్థాపించిన ఎస్టేటులో ఆ కుటుంబపు ఇంటి పేరు గ్రేంజ్. ఆ సంస్థ వైన్‌కారుడైన మాక్స్ షూబర్ట్ ఐరోపా పర్యటనలో బోర్డో ప్రాంతపు వైన్‌లు దశాబ్దాల తరబడి నిలవడం గమనించి తిరిగి వచ్చి, 1951లో షిరాజ్ ద్రాక్షతో ఒక ప్రయోగం చేశాడు. కొత్త అమెరికన్ ఓక్ పీపాలలో దానిని నిల్వచేశాడు. 1950ల మధ్యలో సిడ్నీలో యాజమాన్యం, వైన్ తెలిసినవారు ఆ సీసాలను రుచిచూసి నిరాకరించారు. అప్పటి ఆస్ట్రేలియా అలవాటుకు అది మరీ గాఢంగా, కరుకుగా తోచింది. 1957లో తయారీ నిలిపివేయమని ఆదేశం వచ్చింది. షూబర్ట్ 1957, 1958, 1959 పంటలను యాజమాన్యానికి తెలియకుండా చేశాడు. ఈలోగా మొదటి సంవత్సరాల సీసాలు సర్దుకోసాగాయి. మళ్లీ రుచిచూసిన యాజమాన్యం 1960లో తయారీకి అనుమతించింది. 1955 పంట 1962లో సిడ్నీ ప్రదర్శనలో స్వర్ణపతకం పొందింది. 1990 పంటను అమెరికా పత్రిక వైన్ స్పెక్టేటర్ 1995లో ఆ ఏటి ఉత్తమ వైన్‌గా ఎంచింది.

రాజశేఖరుని పట్టికలో దీని స్థానం వెదికితే అది మృద్వీకాపాకమే: ఆదిలో రుచిలేనిది, అంతంలో రుచికరం. 1950లలో తీర్పు చెప్పినవారి నాలుక తప్పు కాదు, వారు రుచిచూసిన క్షణంలో ఆ వైన్ కరుకుగానే ఉంది. లోపం తీర్పు వేళలో ఉంది. ఆదిని చూసి అంతాన్ని నిర్ణయించారు. ఇదే సమస్య మరో రూపంలో 1962లో మొదలైన జిమ్మీ వాట్సన్ ట్రోఫీని వెంటాడింది. ఇంకా పీపాలోనే ఉన్న ఏడాది వయసు రెడ్ వైన్‌కు దశాబ్దాలపాటు ఆ బహుమతి దక్కింది. త్వరగా మెప్పించే వైన్‌ల తయారీకి అది దారితీస్తుందన్న విమర్శ ఆ దేశంలోనే వచ్చింది. రాజశేఖరుని భాషలో అది పోకను, దోసను ద్రాక్షగా భ్రమించే ప్రమాదం.

సమీక్షాపదజాలం విషయంలో కూడ ఆస్ట్రేలియా ఒక పాఠాన్ని అందిస్తుంది. షిరాజ్‌లో మిరియపు వాసన ఉందని సమీక్షకులు చాలాకాలంగా రాసేవారు. అది కవిత్వంగా కనిపించింది. ఆస్ట్రేలియన్ వైన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో దానికి కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని గుర్తించారు. నల్ల మిరియాల ఘుమఘుమకు మూలమూ అదే పదార్థం. అమెరికన్ ఓక్ పీపాలో నిలవ ఉన్న వైన్‌లో కొబ్బరి వాసన రావడానికి ఆ చెక్కలోని లాక్టోన్లు కారణం. మిరియం, కొబ్బరి, నేరేడు, చింత, వగరు అన్న మాటలు తెలుగు వంటింటివి. కాబట్టి ఈ వైన్‌లను వర్ణించడానికి తెలుగుకు పదాలు కొరవడలేదు.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. పాకసిద్ధాంతం పండ్లను గురించి కాదు, కావ్యాన్ని గురించి. అందులో మద్యపు ప్రసక్తి లేదు. ఆస్ట్రేలియా న్యాయనిర్ణేతలకు కావ్యమీమాంసతో పరిచయం లేదు. ఒకటి మరొకదానికి మూలమన్న వాదన ఇక్కడ లేదు. రుచిపై తీర్పును క్రమబద్ధం చేయబోయిన రెండు సమాజాలు ఆది, అంతం అన్న ఒకే భేదం దగ్గర ఆగాయన్నదే ఇక్కడి ప్రతిపాదన.

7. డెల్టాలో రుచికి పట్టిన మౌనం

గోదావరి డెల్టాలో ద్రాక్ష లేకపోయినా రుచి మార్పును గంటలలో గమనించే పానీయముంది. తాటికల్లు, ఈతకల్లు పొద్దున తీయగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ పులిసి, సాయంత్రానికి ఘాటెక్కుతాయి. ముంతకు సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. ఏ చెట్టు, ఏ పూట, ఏ ఋతువు అన్నదాన్ని బట్టి తేడా చెప్పగల నైపుణ్యం గీతవృత్తివారిది. గ్రేంజ్‌కు దశాబ్దాలు పట్టే పరిణామం కల్లుకు ఒక పగటిలో జరుగుతుంది. ఆద్యంతాల భేదం తెలియడానికి ఇంతకంటె దగ్గరి పాఠశాల లేదు.

ఈ నైపుణ్యం లిఖిత సంప్రదాయంగా ఎదగలేదు. కులవ్యవస్థలో పానీయం తీసే చేతికి, పుస్తకం రాసే చేతికి ఉన్న దూరం మొదటి కారణం. రెండవది వలసపాలన. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం చెట్టును, కల్లును, సారాను రాబడి లెక్కలలోకి తెచ్చింది. లెక్కకు కావలసినవి చెట్ల సంఖ్య, దుకాణం పాట, సారా ఘాటు. రుచితో ఖజానాకు పనిలేదు. మూడవది నిషేధం. 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్రాసు మద్యనిషేధం 1948 నాటికి గోదావరి జిల్లాలతో సహా రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆంధ్ర రాష్ట్రమేర్పడిన తరువాత నిషేధం ఎత్తివేయాలని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. గౌతు లచ్చన్న గీతవృత్తివారి పక్షాన ఉద్యమించాడు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ సమస్యపైనే అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. ఆ వివాదంలో వినిపించినవి జీవనోపాధి, నీతి, రాబడి. మూడూ గంభీరమైనవే. నాలుగవదైన రుచికి అక్కడ చోటు లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల నుంచి మొదలై వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం ఈ మౌనానికి నైతికమైన సమర్థనను కూడ ఇచ్చింది. 1993 అక్టోబరు 1న సారాపై నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వపు సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు తెలిసిన చరిత్ర. కూలి డబ్బు సారా దుకాణానికి పోయి పిల్లలు పస్తులున్న ఇంట్లో మద్యం రుచిని గురించి మాట్లాడడం అమానుషం. కాబట్టి తెలుగు సమాజపు మౌనాన్ని అజ్ఞానంగా లెక్కించడం తగదు. దానిలో ఎంతో భాగం బాధ నుంచి పుట్టింది.

అయితే మౌనం వినియోగాన్ని ఆపలేదు. నిషేధం సడలిన తరువాత పేరు, ధర, ఘాటు మాత్రమే ఎంపికకు ఆధారాలయ్యాయి. ఈ పరిస్థితిలోకి ఆస్ట్రేలియా వైన్ కొత్త దారిలో వస్తున్నది. 2022 ఏప్రిల్ 2న సంతకమై అదే ఏడాది డిసెంబరు 29న అమలులోకి వచ్చిన భారత్–ఆస్ట్రేలియా ఆర్థిక సహకార వాణిజ్య ఒప్పందం ప్రకారం, సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటిన వైన్‌పై సుంకం 150 శాతం నుంచి 100 శాతానికి దిగింది. పదేళ్లలో అది 50 శాతానికి చేరాలి. 15 డాలర్లు దాటినవాటికి 75 శాతంతో మొదలై 25 శాతానికి దిగాలి. సీసాతో పాటు పతకాల బొమ్మలు, వందకు ఇన్ని అన్న మార్కులు కూడ దిగుమతి అవుతాయి. ఆ మార్కులు ఏ వేళ, ఏ పద్ధతిలో, ఏ అలవాటున్న నాలుకతో ఇచ్చినవో అడగగల పాఠకుడు లేకపోతే మార్కు తీర్పుగా కాక మరో పేరుగా మిగులుతుంది.

8. ముగింపు

ద్రాక్షారామం పేరు నుంచి ద్రాక్షతోటను ఊహించడం ఎంత పొరపాటో, సీసాపై పేరు నుంచి రుచిని ఊహించడం అంతే పొరపాటు. ఈ పొరపాటును సరిదిద్దే పద్ధతిని ఆస్ట్రేలియా పేరు కనిపించని గ్లాసులతో ఏర్పరచుకుంది. అయినా గ్రేంజ్ విషయంలో తొందరపడింది. పేరును దాచడం చాలదని, అంతం వరకు వేచి ఉండాలని ఆ అనుభవం నేర్పింది. ఈ రెండవ పాఠాన్ని రాజశేఖరుడు పదవ శతాబ్దపు ఆరంభంలోనే తొమ్మిది గడుల పట్టికగా రాసి ఉంచాడు.

తెలుగు విమర్శ ఆ పట్టిక నుంచి ద్రాక్షను, కొబ్బరిని తీసుకొని కాలాన్ని వదిలివేసింది. అందువల్ల సులభమైన రచన ద్రాక్ష అయింది, కఠినమైన రచన కొబ్బరి అయింది. మొదట కరుకుగా ఉండి చివరకు మిగిలే రచనకు పేరు లేకుండా పోయింది. మృద్వీకాపాకాన్ని దాని మొదటి అర్థంలో పునరుద్ధరిస్తే, తొలి పఠనంలో తిరస్కారానికి గురై తరువాతి తరాల్లో నిలిచిన తెలుగు రచనల ఆదరణచరిత్రను రాయడానికి ఒక పరికరం లభిస్తుంది. కల్లుగీత పదజాలాన్ని వృత్తిదారుల నోట ఉండగానే సేకరించడం దీనికి సమాంతరంగా జరగవలసిన పని. ముంతలో రుచి ఏ పూటకు ఎలా మారుతుందో చెప్పే ఆ మాటలు తెలుగు రుచిశాస్త్రంలో ఇంకా లిఖితం కాని అధ్యాయం.